నిప్పు పలికించే గొట్టాలు

1875లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో ఒక కొత్త వాద్యం గురించి ఉపన్యాసం జరిగింది. వక్త సంగీతజ్ఞుడు కాదు, శాస్త్రవేత్తా కాదు. రెడ్‌క్రాస్ పుట్టుకకు కారకుడైన హెన్రీ డ్యునాంట్. వ్యాపారంలో దివాలా తీసి, జెనీవా విడిచి, స్నేహితుల ఆదరణ మీద బతుకుతున్న రోజులవి. మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతి ఆయన్ను వెతుక్కుంటూ రావడానికి ఇంకా పాతికేళ్లకు పైగా ఉంది. ఆయన ఆ రోజు సభకు పరిచయం చేసిన వాద్యం పేరు పైరోఫోన్. వరసగా నిలబెట్టిన గాజు గొట్టాలు, వాటిలో గ్యాసు మంటలు, ముందు హార్మోనియానికి ఉన్నట్టే మెట్లు. మెట్టు నొక్కితే మంట పాడుతుంది.

దాన్ని తయారుచేసిన ఫ్రెడరిక్ కాస్నర్‌ది స్ట్రాస్‌బూర్గ్. తండ్రి స్వరకర్త. అప్పటికి కుర్రాడికి పాతికేళ్లు కూడా నిండలేదు. 1882లో, ముప్పై ఏళ్లకే పోయాడు. అతని వాద్యమూ కచేరీల్లో నిలదొక్కుకోలేదు. నన్నడిగితే అది మంచికే జరిగింది. పైరోఫోన్ వేదిక మీద కూర్చునే వాద్యం కాదు, గ్యాలరీలో నిలబడే శిల్పం. ఆ సంగతి బయటపడడానికి నూరేళ్లు పట్టింది.

ముందు అది ఎలా పలుకుతుందో చూద్దాం. మంట తనంతట తాను పాడదు, పాడేది గొట్టంలోని గాలి. సన్నని హైడ్రోజన్ మంట మీదికి గాజు గొట్టం దించితే స్వరం పుడుతుందని 1777లోనే బ్రయన్ హిగిన్స్ గమనించాడు. గాజు ఊదే పనివాళ్లకూ ఇలాంటిదే ఒకటి తెలుసు: వేడి బుడ్డికి అతికిన చల్లటి గొట్టం ఒక్కోసారి దానంతటదే మోగుతుంది. దాన్ని 1850లో సొంధౌస్ పరీక్షించి చూశాడు. 1859లో లైడెన్‌లో రైకే చేసిన ప్రయోగం మరీ విడ్డూరం. రెండు చివరలా తెరిచి ఉన్న నిలువు గొట్టంలో, అడుగు నుంచి నాలుగో వంతు ఎత్తున తీగ జాలీ బిగించాడు. కింద మంట పెట్టి జాలీని ఎర్రగా కాల్చాడు. మంట తీసేశాక గొట్టం ఊళ వేసింది! అడ్డంగా పడుకోబెడితే నోరు మూసుకుంది. వేడిగాలి కింది నుంచి పైకి సాగుతూ ఉంటేనే దానికి గొంతు.

ఎందుకిలా అన్నదానికి 1878లో లార్డ్ రేలీ సూత్రం చెప్పాడు. గొట్టంలో గాలి క్షణానికి ఎన్నోసార్లు నొక్కుకుంటూ, పలచబడుతూ ఉంటుంది. నొక్కుకున్న క్షణంలో వేడి అందితే కంపనం బలపడుతుంది, పలచబడ్డ క్షణంలో అందితే చచ్చిపోతుంది. ఉయ్యాల ఊపేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. గాలి ఒత్తిడి ఎక్కువగా మారేది గొట్టం నడుమ, గాలి ఎక్కువగా కదిలేది చివర్లలో. రెండూ కావాలి కాబట్టే ఆ నాలుగో వంతు ఎత్తు. అదే జాలీని పై సగంలోకి జరిపితే లెక్క తిరగబడి గొట్టం మూగబోతుంది.

స్వరం పుట్టించడం తేలికే, కోరినప్పుడు ఆపడమే కష్టం. కాస్నర్ ప్రతిభంతా అక్కడుంది. గొట్టంలో మూడో వంతు ఎత్తున రెండు మంటలు విడివిడిగా ఉంటే పాడతాయి, ఒకదానితో ఒకటి కలిస్తే ఆగిపోతాయి. మెట్టు నొక్కగానే మంటలు విడిపోయేలా, వదలగానే కలిసిపోయేలా మీటలు అమర్చాడు. ఎంత సొగసైన ఉపాయం!

అయినా వేదిక మీద ఇమడలేదు. మీటర్ పొడవు గొట్టం చల్లగా ఉన్నప్పుడు సెకనుకు సుమారు 170 కంపనాలతో మోగుతుంది. మన పాటగాళ్ల లెక్కలో నాలుగు శ్రుతికి దగ్గర. కానీ 20 డిగ్రీల గాలిలో సెకనుకు 343 మీటర్లు పోయే ధ్వని, 100 డిగ్రీల గాలిలో 387 మీటర్లు పోతుంది. అంటే లోపలి గాలంతా అంత వేడెక్కితే షడ్జం కాస్తా చతుశ్రుతి రిషభం దాకా ఎక్కి కూర్చుంటుంది. ఇక పక్కవాద్యం ఏం చేయాలి? పైగా మెట్టు నొక్కగానే స్వరం పూర్తి బలంతో రాదు, కంపనం పెరగడానికి కాస్త సమయం పడుతుంది. ద్రుతకాలంలో వాయించబోతే అంతే సంగతులు.

గ్యాలరీలో పక్కవాద్యం లేదు, తొందరా లేదు. అక్కడికి నిప్పు వచ్చిన దారి మాత్రం వేరు. 1961లో క్రెఫెల్డ్‌లోని హౌస్ లాంగె మ్యూజియంలో ఈవ్ క్లైన్ మంటలతో గోడ కట్టాడు. 1967లో యానిస్ కునెల్లిస్ ఇనుప పువ్వు నడుమ గ్యాసు మంట పెట్టాడు. ఆ మంట బుసనే శబ్దకళకు తొలి పాఠంగా నేను లెక్కేస్తాను. తర్వాత ఫ్రాన్స్‌లో మిషెల్ మోగ్లియా లోహపు గొట్టాలతో భారీ అగ్ని ఆర్గన్ కట్టాడు. సియాటిల్‌లో స్థిరపడిన ట్రింపిన్ గాజు గొట్టాల్లో మంటలను పాడించాడు. డచ్ కళాకారుడు బాస్టియాన్ మారిస్ గొట్టాల్లో గ్యాసును పేల్చి తాళం వేయించాడు. పేలుళ్ల జాతి వాద్యాలకు జనం బాగా మూగుతారు గానీ, నాకు వాటిలో వేడుక కనిపించినంతగా స్వరం వినిపించదు. నా మొగ్గు జర్మన్ కళాకారుడు ఆండ్రియాస్ ఓల్డోర్ప్ వైపు. గాజు గొట్టాలు, చిన్న గ్యాసు మంటలు, ఎడతెగని స్వరం, అంతే. గదే వాద్యమవుతుంది. ఎడతెగని స్వరం గోడలకు తగిలి తిరిగొస్తే గదిలో కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. 170 కంపనాల స్వరానికి ఆ మార్పు ఒక మీటర్ దూరానికోసారి మళ్లీ మళ్లీ వస్తుంది. రెండడుగులు వేసిన ప్రేక్షకుడికి వేరే పాట. కచేరీలో కుర్చీకి అతుక్కున్న శ్రోతకు ఈ భాగ్యం లేదు.

ఇక ప్రదర్శించడమే ఒక విద్య. హైడ్రోజన్ మంటకు మసి ఉండదు, మిగిలేది నీటి ఆవిరే. వెలిగించిన కొత్తలో చల్లటి గాజు లోపల మంచు పట్టినట్టు మసకబారుతుంది. కానీ పట్టపగలు ఆ మంట దాదాపు కంటికి ఆనదు. సందర్శకుడి చెయ్యి అటు పోకుండా చూడాలి. గాలిలో 4 శాతం చేరినా అంటుకునే వాయువు, లీకైతే కప్పు కిందికి చేరుతుంది. వంటగ్యాసు అయితే బరువెక్కువ, నేలమీద పేరుకుంటుంది. కాబట్టి ఏ గ్యాసో తేలేదాకా లీకు పసిగట్టే పరికరం ఎక్కడ పెట్టాలో కూడా తేలదు. మరో చిక్కు: గొంతెత్తి పాడే మంట తన కంపనంతో తానే ఆరిపోగలదు. మంట ఆరగానే గ్యాసును ఆపేసే వాల్వు ప్రతి గొట్టానికీ ఉండాలి. గదిలోకి కొత్త గాలి రావాలి, అలాగని ఫ్యాన్ గాలి మంటకు తగిలితే స్వరం తెగుతుంది. ఈ రెంటి మధ్య రాజీ కుదిర్చే ఇంజనీరు పేరు కేటలాగ్‌లో కళాకారుడి పక్కనే వేయాలంటాను. నిప్పుకు అనుమతి రాని చోట కరెంటుతో కాలే తీగ జాలీ పెడతారు. రైకే గొట్టం కాబట్టి అదీ పాడుతుంది. కానీ మంట లేకపోతే సగం శిల్పం పోయినట్టే.

ఇదంతా పడమటివాళ్ల వింత అనుకోనక్కర్లేదు. జపాన్‌లో ఒకయామా దగ్గరి కిబిత్సు ఆలయంలో, కాగుతున్న నీటి పాత్ర మీద ఆవిరిలో బియ్యం వేసి, అది మోగే తీరును బట్టి శుభాశుభాలు చెప్పే ఆచారం శతాబ్దాలుగా ఉంది. కింద వేడి ఆవిరి, పైన చల్లటి గింజలు. భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు దాన్నీ ఈ గొట్టాల చుట్టరికంలోనే చేరుస్తారు. ఇదే సూత్రం రాకెట్ల దగ్గర శాపమైంది. 1980 మే నెలలో ఏరియన్ రాకెట్ రెండో ప్రయోగం విఫలమైంది, వైకింగ్ ఇంజనులో దహనం ఇలాగే అదుపు తప్పి కంపించడం వల్ల. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రెండో దశలోని వికాస్ ఇంజను ఆ వైకింగ్ వంశంలోదే. అక్కడ స్వరం పుట్టకుండా చూడడమే పని.

శిల్పం కొనే మ్యూజియాలకు ఇంకో తలనొప్పి ఉంది. రాత్రి గ్యాసు కట్టేస్తారు, పొద్దున మళ్లీ వెలిగిస్తారు. గొట్టాలు వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి పాకుతుంది. ఒక గొట్టం ముందు, ఒకటి వెనక. వాటి స్వరాల మధ్య తేడాను బట్టి గదిలో శబ్దం సెకనుకు రెండుసార్లో మూడుసార్లో ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. తలుపులు తీయగానే వచ్చినవాళ్లు, మూసేముందు వచ్చినవాళ్లు వినేది ఒకటే కృతి కాదు. అసలు శ్రుతి ఏదని రికార్డుల్లో రాసుకోవాలో చెప్పగలిగిన అధికారి నాకింతవరకు తగల్లేదు.