కారం తీసేస్తే ఏం మిగిలింది?

మనవాళ్లకి ఒక నమ్మకం ఉంది. కళ్లనీళ్లు పెట్టిస్తేగానీ నవల మంచిది కాదు, ముక్కూ కళ్లూ ఏకం చేస్తేగానీ కూర మంచిది కాదు. నవలలు నేనూ రాస్తాను గనక వాటి జోలికి పోను. కూర సంగతి మాట్లాడతాను. అందునా చైనీస్ కూర సంగతి.

పాత బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తూంటే, ఫ్యాక్టరీ గేట్ల మధ్య చైనీస్ బోర్డులు వరసగా కనిపిస్తాయి. షిఫ్టు దిగినవాళ్ల కోసం బండి మీద వేయించే నూడుల్స్ దగ్గర్నించి, అద్దాల తలుపుల ఏసీ హోటళ్ల దాకా అన్నీ ఉన్నాయి. అలాంటి ఏసీ హోటలొకదానికి కిందటి నెల మేం ముగ్గురు స్నేహితురాళ్లం వెళ్లాం. దాని పేరు అనవసరం. పేరుకన్నా కారానికే దానికి ఎక్కువ ఖ్యాతి. మెనూలో ప్రతి వంటకం పక్కనా ఎర్ర మిరపకాయ బొమ్మలుంటాయి. ఒకటుంటే పిల్లలకి, రెండుంటే పెద్దలకి, మూడుంటే వీరులకి!

మాలో ఒకావిడ సంగారెడ్డిలోనే పుట్టి పెరిగిన లెక్కల టీచరు. ఇంకొకావిడ మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. ఈ ల్యాబు ఆవిడకి రెండేళ్లుగా మేం ఎప్పుడు బయటికి పిలిచినా ఆ రోజు ఉపవాసమే. మంగళవారమైనా ఉపవాసమే, ఆదివారమైనా ఉపవాసమే. నిమ్మకాయ సోడా ఒకటి ముందు పెట్టుకుని, మేం తింటూంటే నవ్వుతూ కూర్చుంటుంది. ఈమధ్య అసలు రావడమే తగ్గించింది. ఆ రోజు బతిమాలి తీసుకొచ్చాం.

మూడు మిరపకాయల షెజ్వాన్ గోబీ వచ్చింది. చూడ్డానికి కుంకుమ భరిణె బోర్లించినట్టుంది. రెండు ముక్కలు తిన్నామో లేదో మాటలాగిపోయాయి. నెలల తరబడి దాచుకున్న కబుర్లు చెప్పుకుందామని వెళ్లినవాళ్లం, నోరు తెరిస్తే గాలి పీల్చుకోవడానికే సరిపోయింది.

"అబ్బ, చెవులల్లకెల్లి పొగలొస్తున్నయే!" అంటూ టీచరమ్మ గ్లాసుడు నీళ్లు ఎత్తింది.

"నీళ్లతో తగ్గదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పెరుగుంటే అడుగు" అంది ల్యాబు ఆవిడ. ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. శాస్త్రం లెక్కలో కారం రుచి కాదట, మంటేనట. వేడి తగిలితే మేలుకునే నాడులే మిరపకాయ తగిలినా మేలుకుంటాయి. ఆ కీలకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చినప్పుడు ప్రస్తావించిన పని అదే.

"మరి మన షడ్రుచుల్ల కారం లేదా?" అంది టీచరమ్మ.

ఉంది, ఎందుకు లేదూ! కానీ ఆరింట్లో ఒకటిగా ఉంది. ఉగాది పచ్చడిలో కారమొక్కటే వేసి పెడితే దాన్ని ఉగాది పచ్చడని ఎవరంటారు?

సర్వరుని పిలిచి, ఇదే వంటకం కారం బాగా తగ్గించి తెమ్మన్నాను. "తగ్గిస్తే టేస్టుండదు మేడం" అన్నాడు. చూశారా, విమర్శకులు రాయాల్సిన వాక్యం ఆ కుర్రాడే చెప్పేశాడు! 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఆయన మిరప ఘాటు కొలవడానికి పెట్టిన పద్ధతి కూడా ఇలాంటిదే. మిరప సారాన్ని పంచదార నీళ్లలో పలచన చేస్తూ, మంట తెలియకుండా పోయేవరకూ రుచి చూపించేవాడు. ఆయన మంట ఎక్కడ పోతుందో చూశాడు. మంట పోయాక ఏం మిగులుతుందన్నది నా ప్రశ్న.

రెండో ప్లేటు వచ్చింది. మిగిలిందేమిటంటే కార్న్‌ఫ్లోర్, టమాటా సాస్ తీపి, రంగు. అంతే. ఆ చప్పిడితనానికే మిరపకాయలతో ముసుగు వేశారన్నమాట.

అలాగని అక్కడ వంట రాదనుకోకండి. పుల్లటి మిరియాల సూపులో వెనిగర్‌కీ మిరియానికీ చక్కగా పొత్తు కుదిరింది. వెల్లుల్లి ఫ్రైడ్ రైస్‌లో ఇనప మూకుడు సెగ వాసన ముచ్చటగా ఉంది. మరి ఆ చెయ్యే గోబీని ఇలా ఎందుకు చేసినట్టు? అడిగితే వంటతనే బయటికొచ్చాడు. ఒడిశా కుర్రాడు. "కారం తక్కువైతే ఇక్కడ ప్లేటు వెనక్కి పంపిస్తారమ్మా" అన్నాడు వచ్చీరాని తెలుగులో. నీకిష్టమైనట్టు ఒకటి చెయ్యవయ్యా అంటే, క్యాబేజీ, ఉల్లికాడలు, వెల్లుల్లి, సోయా సాస్‌తో చేసి తెచ్చాడు. ఆ పూటకి అదే అసలైన వంటకం.

దాన్ని సగానికి పైగా తిన్నదెవరనుకున్నారు? ఉపవాసమావిడ! తిన్నాక మెల్లిగా చెప్పింది. ఉపవాసమూ లేదు, మొక్కూ లేదు. కడుపులో పుండు, కారం తగలకూడదన్నాడు డాక్టరు. "అందరూ ఒకటి తింటూంటే నా ఒక్కదానికోసం వేరే ఎందుకులే అని..."

"గింత మాట చెప్పనీకి రెండేండ్లు ఉపాసముంటవా?" అని టీచరమ్మ గయ్యిమంది. కోపం కాదది. గొంతు బొంగురుపోయింది, ఈసారి మిరపకాయ ప్రమేయం లేకుండానే.

"నా ఒక్కదానికోసం వేరే ఎందుకు" అన్న మాట మనిళ్లలో ఎన్ని వంటిళ్లు వినలేదు! అందుకే కారాన్ని పౌరుషానికి కొలబద్ద చేసే హోటళ్లంటే నాకు గిట్టదు. తినలేనివాళ్లు తినలేనని కూడా చెప్పుకోలేరక్కడ.

పాపం, చైనావాళ్లకీ ఇందులో పాత్ర తక్కువే. మంచూరియా అనేది కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చికి సోయా సాస్ కలిపి చేసింది. ఇక మనం షెజ్వాన్ అనేది చైనాలోని సిచువాన్. అక్కడి వంటలో మిరప ఒక్కటే పెత్తనం చెయ్యదు. నాలుకని చిమచిమలాడించే ఇంకో గింజ పక్కనుంటుంది. మన హోటళ్ల షెజ్వాన్‌లో సాధారణంగా లేనిది ఆ గింజే.

విచిత్రమేమిటంటే ఆ గింజకి దాయాదైన చెట్టు మన కొండల్లోనూ ఉంది. రెండు శతాబ్దాల కిందట తెలుగుదేశంలో మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దానికి శాస్త్రీయ నామంలో "రెట్సా" అని పెట్టాడు. మన "రచ్చమాను"లోని రచ్చే అది. కొండజనం ఆ చెట్టు నీడన కూడి, తమ ఉమ్మడి వ్యవహారాలు చర్చించి తేల్చుకుంటారు గనక ఆ పేరని రాశాడాయన.

ఘాటైన గింజకి అలాంటి పేరుండటం నాకెంతో నచ్చింది. వచ్చే నెల మళ్లీ ఆ హోటలుకే వెళ్తున్నాం. ఆర్డరు ఇచ్చేది ల్యాబు ఆవిడ.