కరువు సీమలో కెమెరా

అభివృద్ధి సంస్థల కోసం తీసే పొట్టి చిత్రాలను మన విమర్శకులు ఇంతవరకు విమర్శకు తగిన వస్తువుగా భావించినట్టు లేదు. కథకూ కవితకూ పెట్టే గీటురాయిని మనం వీటికి పెట్టం. ప్రచార సాధనాలు కదా, వీటికి దృక్పథమేమిటి, శిల్పమేమిటి అని తోసిపుచ్చుతాం. కాని రాయలసీమ రైతు ముఖాన్ని పరదేశంలో ఎవరైనా చూసి ఉంటే ఈ చిత్రాలలోనే చూసి ఉంటారు గాని మన కథలలో కాదు. ఆ కథలు అక్కడి భాషలలోకి వెళ్లింది ఎంత గనక!

ఈ చిత్రాలకు ఒక మూస ఏర్పడిపోయింది. మొదట నెర్రెలు బారిన నేల. తర్వాత ముడతలు పడిన ముఖం. ఆ ముఖం ఆకాశం వైపు చూస్తుంది. అంతలో సంస్థవారి జీపు, ఒక సమావేశం, ఒక కుంట. చివర చిరునవ్వు. నేలకూ చిరునవ్వుకూ నడుమ ధర లేదు, అప్పు లేదు, కులం లేదు, కౌలు లేదు. ఉన్నదల్లా వాన లేకపోవడం ఒక్కటే. వానను ఎవరూ నిలదీయలేరు గనుక ఆ చిత్రం ఎవరికీ ఇబ్బంది కాదు.

కొన్నేళ్ల క్రితం యూరపు నుంచి వచ్చిన ఒక చిత్ర బృందానికి నేను పత్తికొండ వైపు నాలుగు రోజులు దుబాసీగా వెళ్లాను. సెలవులు, చేతిఖర్చుకు డబ్బు, కొంత కుతూహలం కూడా. ఒక టమేట చేను గట్టున ఒక పెద్దామెను వాళ్లు వాన గురించి అడిగారు. “వానదేముంది నాయనా, పోయినేడు బాగనే పడె. పంటొచ్చిన్నాడు రేటు లేకపాయ. కోతకూలి గూడ రాక రోడ్డు మీద పోసి వస్తిమి” అన్నది. బృందనాయకుడు తల ఊపి, నిరుడు కాక అంతకు ముందేడు వాన ఎలా ఉండేదని అడగమన్నాడు. ఆ సంవత్సరం పడలేదట. ఆ జవాబు ఆయనకు పనికివచ్చింది.

అప్పుడు ఆమె నా వైపు తిరిగి, “వాళ్ల ఊర్లో టమేటాలు ఎంత పలుకుతాయో ఆయప్పను అడుగు నాయనా” అన్నది. అడిగాను. ఆయన మొహమాటంగా నవ్వి చెప్పాడు. నేను రూపాయల్లోకి మార్చి చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. “ఐతే నడిమిట్ల తినేదెవరు?” అన్నది.

నాకు తెలిసిన ఏ అర్థశాస్త్ర గ్రంథమూ ఇంత సూటిగా మొదలుకాదు. ఐనా చిత్రంలో ఆ మాట లేదు. ఉన్నది ఆమె బిందె నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడవడం. ఇంటి ముందర కుళాయి ఉన్న మనిషి ఆమె. బిందెతో నడవమన్నది వాళ్లే గాని, ఆ మాటను ఆమెకు తెలుగులో చెప్పినవాణ్ణి నేను. కాబట్టి ఈ విమర్శలో నన్ను నేను మినహాయించుకోలేను.

ఈ చూపు కొత్తది కాదు. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధానిలో విల్లోబీ వాలస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ మనుషుల పేర్లు మనకు తెలియవు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ కాలంలోనే ఈ దేశపు గోధుమ ఓడలెక్కి ఇంగ్లండుకు పోయింది. ఆ ఓడ హూపర్ ఫోటోలో పడదు. అతని కెమెరా ఆకలిని చూసింది, ఆకలి కారణాన్ని చూడలేదు.

కారణాన్ని చూడడం కళకు సాధ్యం కాదని ఎవరైనా అంటే వారికి 1950వ దశకంలో వచ్చిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ను చూపాలి. విశ్వం ఎండిన ఏటి దగ్గర ఆగిపోలేదు. కలిగిన ఇంట పుట్టి కాయకష్టానికి దిగిన రంగడిని, అతని భార్య గంగమ్మను మన ముందు నిలబెట్టాడు. వారికి పేర్లున్నాయి, గతముంది, వారి పతనానికి చరిత్ర ఉంది. ఐదు నిమిషాల చిత్రం కావ్యమంత చెప్పలేదు నిజమే. కాని ఒక్క ప్రశ్న అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇక చిత్రం చూసేవారి వైపు నుంచి చూద్దాం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా జరిగిన ‘సైట్’ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు పంపారు. కర్నూలు జిల్లా పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. అక్కడ రైతు ప్రేక్షకుడు మాత్రమే. చెప్పేవాడు పైన, వినేవాడు కింద. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీష్ ఆ ఏర్పాటును తలకిందులు చేయదలచాడు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తరఫున, జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో, 1990వ దశకం చివర దళిత స్త్రీల చేతికి కెమెరా ఇచ్చారు. వారిలో చాలామంది బడి మొహం చూడనివారు. మనిషిని అతని కంటి ఎత్తులో చూపే కోణానికి వారు ‘సంఘం షాటు’ అని పేరు పెట్టుకున్నారు, సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు గనుక. పటేలుకూ కూలికీ నడుమ ఉన్న ఎత్తుపల్లాన్ని చూపే కోణం ‘పటేల్ షాటు’. శిల్పానికీ వర్గానికీ సంబంధమేమిటని మనం సభలు పెట్టి వాదించుకుంటాం. వాళ్లు దాన్ని రెండు మాటల్లో తేల్చేశారు.

2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చిన ఏడు వారు వరంగల్ రైతుల వెంట పంటకాలమంతా తిరిగి చిత్రం తీశారు. తర్వాత అదే విషయం మీద కెమెరాలతో దక్షిణాఫ్రికాకూ, మాలికీ, ఇండొనేసియాకూ వెళ్లారు. ఆ ప్రయాణాల ఫలితం 2007 నాటి చిత్రం. అంతర్జాతీయ అభివృద్ధి చిత్రాల చరిత్రలో ఇది చిన్న మలుపు కాదు. పత్తి పండించే మనిషి సముద్రం దాటి పోయి, పత్తి పండించే మరో మనిషిని ఖర్చెంత, దిగుబడి ఎంత అని అడగగలిగింది. అడిగేవారికి జవాబు తమ చేనికీ కావాలి. మా బృందనాయకుడికి టమేట ధర అవసరం లేదు.

ఐతే ఆ చిత్రాన్ని కూడా కళ్లు మూసుకుని మెచ్చుకోలేం. పేరులోనే తీర్పు ఉంది, విఫలమైన పంట విజయం కోసం వెతుకుతోందని. సంస్థ ముందే తేల్చుకున్న అభిప్రాయానికి రైతుల మాటలు సాక్ష్యాలుగా వచ్చి చేరినట్టు తోస్తుంది. తర్వాతి ఏళ్లలో దేశపు పత్తి చేలలో తొంభై శాతానికి పైగా బి.టి. విత్తనమే నిండింది. ఆదోని వైపు రైతు అప్పు చేసి మరీ ఆ విత్తనాన్ని ఎందుకు కొన్నాడు? ఆశతోనా, పురుగు భయంతోనా, అంగడిలో వేరే విత్తనం దొరకకనా? వ్యతిరేకించేవారి చిత్రంలోనూ, కంపెనీవారి చిత్రంలోనూ ఆ రైతు పూర్తిగా లేడు. కెమెరా మన చేతికి వచ్చినంత మాత్రాన చూపు మనదైపోదు.

బయటివారి పరిశీలన అంతా వ్యర్థమనడం కూడా అన్యాయమే. సంకర పత్తి విత్తనం తయారయ్యే చేలలో ఆడపిల్లల చేత పూలు దులిపించే దుర్మార్గాన్ని దావులూరి వెంకటేశ్వర్లు బయటపెడితే, 2003లో ఆ పరిశీలనను నెదర్లాండ్స్ సంఘమొకటి ప్రచురించింది. మన కర్నూలు జిల్లా చేలు కూడా ఆ వ్యవహారంలో ఉన్నవే. అక్కడ వేలు విత్తనాల కంపెనీల వైపు చూపింది, వాన వైపు కాదు. అందుకే అది కొందరికి నొప్పి కలిగించింది.

మొన్న పత్తికొండ మార్కెట్టులో ఆ పెద్దామె కనిపించింది. “ఆ బొమ్మ ఏమాయ నాయనా?” అని అడిగింది. ఆమెకు ఎవరూ చూపించలేదట. నా సెల్లులో వెతికి పెట్టాను. మూడు నిమిషాలూ కదలకుండా చూసింది. బిందె దగ్గర నవ్వింది కూడా. అయిపోయాక సెల్లు తిరిగి ఇస్తూ, “నేనడిగింది యాడ పెట్నారు?” అన్నది.