తీరపు ఇసుక, చెరువు మన్ను: రేడియోధార్మికత కొలతల అన్వయంపై విమర్శ

తీరపు ఇసుకలో సహజ రేడియోధార్మికతను కొలిచిన వ్యాసాలు తరచుగా ఒకే సగటుతో ముగుస్తాయి. భీమునిపట్నం తీరంలో అలలు మోనజైట్ వంటి బరువైన ఖనిజాలను నల్లని పొరలుగా వేరుచేస్తాయి. థోరియం అందులోనే ఎక్కువ. నల్లపొరను, పక్కనున్న లేతరంగు ఇసుకను కలిపి తీసిన సగటు ఆ రెండింటిలో దేనినీ చెప్పదు.

అంతకన్నా పెద్ద లోపం తీర్పులో ఉంది. రేడియం తుల్యత కిలోకు 370 బెకరెల్‌లు మించకపోతే తీరం సురక్షితమని ప్రకటిస్తారు. ఆ పరిమితి గోడల మధ్య నివసించే మనిషిని దృష్టిలో ఉంచుకొని, కట్టడ సామగ్రి కోసం ఏర్పడినది. ఆరుబయటి ఇసుకతిన్నె కోసం కాదు. సముద్రమే లేని అనంతపురం జిల్లాలోనూ ఈ తేడా ముఖ్యమే. బుక్కరాయసముద్రం వంటి చెరువుల్లో వాగు దిగేచోట గరుకు ఇసుక, కట్టవైపు బంకమన్ను పేరుకుంటాయి. ఆ మన్ను ఇటుకగా కాలితే 370 వర్తిస్తుంది. పొలానికి తోలితే అడగవలసింది, పంటలోకి ఎంత చేరుతుందన్నది.