పదివేల గంటల లెక్కకు ఖిదిర్‌పూర్ సాక్ష్యం

కలకత్తా వెళ్ళినప్పుడు మీరు హౌరా వంతెన, విక్టోరియా మెమోరియల్ చూసి తిరిగివచ్చి ఉంటారు. ఈసారి వెళితే ఖిదిర్‌పూర్‌లో కవితీర్థ సరణి అనే వీధిని కూడా చూడండి. రేవుకు పోయే లారీల రొద మధ్య ఆ పేరు కొంత వింతగా తోస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు వంగ కవులు మైకేల్ మధుసూదన దత్తు, రంగలాల్ బందోపాధ్యాయ, హేమచంద్ర బందోపాధ్యాయ ఈ పేటలో నివసించడం వల్ల వచ్చిన పేరది. ఒక్క పేటకు ముగ్గురు ప్రసిద్ధ కవులు ఎలా దక్కారు? పుట్టుకతో వచ్చిన ప్రతిభ వల్లనా? కఠోర సాధన వల్లనా? లేక ఇల్లూ బడీ ఇచ్చిన ఊతం వల్లనా?

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెబుతానంటూ మాల్కమ్ గ్లాడ్‌వెల్ అనే రచయిత 2008లో ఇంగ్లీషులో 'అవుట్‌లయర్స్' అనే పుస్తకం వెలువరించారు. సగటుకు బహుదూరంగా పడిన అంకెను గణాంక శాస్త్రంలో ఆ పేరుతో పిలుస్తారు. ఇక్కడ అసాధారణ విజయం సాధించిన మనుషులని అర్థం. పుస్తకం చదవనివారు కూడా అందులోని ఒక్క మాట వినే ఉంటారు: ఏ విద్యలోనైనా పదివేల గంటలు సాధన చేస్తే ఆరితేరతారట! ఇంటర్మీడియెట్ పిల్లలను తెల్లవారుజామునే లేపి కూర్చోబెట్టే తల్లిదండ్రులకు ఈ మాట నచ్చకుండా ఎలా ఉంటుంది? ర్యాంకు రాలేదంటే గంటలు చాలలేదన్నమాట. అంటే తప్పు పిల్లవాడిదే. ఈ ముగింపుకు శాస్త్రం ఒప్పుకుంటుందా అన్నదే మనం చూడవలసింది.

ముందు రచయితకు దక్కవలసిన మెప్పు దక్కనిద్దాం. ఆయన గంటల గురించి మాత్రమే రాయలేదు. ప్రతిభ ఒక్కటే మనిషిని పైకి తెస్తుందన్న నమ్మకాన్ని గట్టిగానే దెబ్బతీశారు. అమెరికాలో లూయిస్ టెర్మన్ 1921లో ప్రజ్ఞాలబ్ధి పరీక్షలతో ఏరి 1,500 పైచిలుకు మేధావి పిల్లల జీవితాలను గమనించడం మొదలుపెట్టారు. వారిలో ఒక్కరికీ నోబెల్ బహుమతి రాలేదు. ఆ పరీక్షల్లో నెగ్గక బయటే ఉండిపోయిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తర్వాత 1956లో, 1968లో భౌతికశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్నారు. కుటుంబం, కాలం, తెరుచుకున్న తలుపులు ఎంత ముఖ్యమో చెప్పే భాగాలే పుస్తకంలో మేలైనవి. విచిత్రమేమంటే లోకం వాటిని వదిలేసి గంటలను పట్టుకుంది.

ఆ గంటలు ఎక్కడివి? ఆండర్స్ ఎరిక్‌సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద జరిపి 1993లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చాయి. విద్యార్థులు మొత్తం ముప్పైమంది, గుంపుకు పదిమంది చొప్పున మూడు గుంపులు. ఇరవై ఏళ్ళ వయసు వచ్చేనాటికి అత్యుత్తముల గుంపు చేసిన సాధన సగటున పదివేల గంటలు. సగటు అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఆ పదిమందిలోనే సగంమంది ఇరవై ఏళ్ళకు పదివేలు చేరలేదని, తమ పరిశోధనను తప్పుగా చదివారని ఎరిక్‌సనే 2016లో ఒక పుస్తకంలో చెప్పుకోవలసి వచ్చింది.

ఇక ఖిదిర్‌పూర్‌కు వద్దాం. మధుసూదన దత్తు 1824లో జెస్సోర్ జిల్లా సాగర్‌దాడిలో పుట్టారు. తండ్రి రాజనారాయణ దత్తు సదర్ దివానీ అదాలతులో ప్లీడరు, బాగా సంపాదించినవారు. ఆయనకు ఖిదిర్‌పూర్‌లో ఇల్లు ఉండబట్టి కొడుకుకు హిందూ కళాశాల చదువు అందింది. 1843లో క్రైస్తవం స్వీకరించడంతో ఆ కళాశాల తలుపు మూసుకుంది. అయినా తండ్రి బిషప్స్ కళాశాల ఖర్చు భరించారు. గ్రీకు, లాటిన్, సంస్కృతాలు అక్కడ అబ్బాయి. ఆ డబ్బు కూడా ఆగిపోయాక, 1848లో మద్రాసు చేరి అనాథ బాలుర పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు.

మద్రాసు నుంచి 1849 ఆగస్టులో ఆయన మిత్రుడు గౌర్‌దాస్ బసాక్‌కు రాసిన ఉత్తరంలో తన దినచర్య ఉంది. ఉదయం 6 నుంచి 8 దాకా హీబ్రూ, 8 నుంచి 12 దాకా బడి, 12 నుంచి 2 దాకా గ్రీకు, 2 నుంచి 5 దాకా తెలుగు, సంస్కృతం, 5 నుంచి 7 దాకా లాటిన్, 7 నుంచి 10 దాకా ఇంగ్లీషు. అవును, మన తెలుగే! బడి నాలుగు గంటలు తీసేస్తే రోజుకు 12 గంటల చదువు. ఉత్తరంలో రాసినట్టే నడిచిందనుకుందాం. (గోడ మీద టైంటేబులు అంటించుకున్నవారందరికీ మూడో వారానికి దాని గతి ఏమవుతుందో తెలుసు. అయినా అనుకుందాం.) పదివేలను పన్నెండుతో భాగిస్తే 833 రోజులు, అంటే రెండేళ్ళ మూడు నెలలు. ఈ లెక్కన 1851 చివరికల్లా ఆయన ఆరితేరాలి.

అయితే దేనిలో? ఆ పట్టికలో వంగభాష లేదు. ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన 'మేఘనాదవధ కావ్యం' 1861లో వచ్చింది వంగభాషలో. హోమర్, వర్జిల్, మిల్టన్‌ల చదువు ఆ కావ్యంలో కనిపిస్తుందన్నది నిజమే. కాని ఒక విద్యలో చేసిన సాధన మరొక విద్యలో ఫలించింది. దీన్ని ఏ గంటల ఖాతాలో వేస్తారు? పైగా ఆ పన్నెండు గంటల సేపు ఇంట్లో వంట ఎవరు చేశారో, నీళ్ళెవరు పట్టారో ఆ పట్టిక చెప్పదు. 1848లో ఆయనకు రెబెకాతో పెళ్ళయింది. ఒకరి సాధనకు దొరికే గంటలు తరచు మరొకరి గంటల్లోంచి తీసినవే.

మద్రాసు గంటలకూ 1861 కావ్యానికీ మధ్య అవకాశాలు ఎన్ని పడ్డాయో చూడండి. ఆయన ఇంగ్లీషు కావ్యం చూసిన బెథూన్ దొర మాతృభాషలో రాయమని 1849లో సలహా పంపారు. 1856లో కవి కలకత్తా తిరిగివచ్చారు. 1858లో పైక్‌పాడా రాజులు బెల్గాఛియాలో 'రత్నావళి' నాటకం ఆడించి, ఇంగ్లీషు అతిథుల కోసం దాన్ని అనువదించే పని ఆయనకు ఇచ్చారు. ఇంతకన్నా మంచి నాటకం నేనే రాస్తానని ఆయన 'శర్మిష్ఠ' రాశారు. అంత్యప్రాస లేని పద్యం వంగభాషలో నడవదని జతీంద్రమోహన్ ఠాకూర్ అంటే, పందెం కట్టి 'తిలోత్తమాసంభవ కావ్యం' రాసి చూపించారు. మేఘనాదవధ దానికి మరుసటి ఏడు. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా మనం ఇవాళ ఆ పేరు తలచుకుంటామా?

అలాగని 'అవకాశమే అంతా' అనేస్తే అదీ తొందరపాటే. హిందూ కళాశాలలో ఆయనతోపాటు అవే పాఠాలు విన్నవారున్నారు. భూదేవ్ ముఖోపాధ్యాయ విద్యాశాఖ అధికారిగా, వ్యాసకర్తగా పేరు తెచ్చుకున్నారు. గౌర్‌దాస్ డిప్యూటీ మేజిస్ట్రేట్ అయ్యారు. మేఘనాదవధ రాసింది ఒక్కరే. గ్లాడ్‌వెల్ పద్ధతిలో అసలు లోపం ఇక్కడే ఉంది. ఆయన గెలిచినవారి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. బీటిల్స్ గాయకులు హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్ళు వాయించి రాటుదేలారని పుస్తకం చెబుతుంది. నిజమే. కాని 1960లో అదే క్లబ్బులో లివర్‌పూల్‌కే చెందిన రోరీ స్టార్మ్ బృందం కూడా వంతులవారీగా వాయించింది. ఆ బృందం పేరు మీరు విన్నారా? ఎరువు వేసిన మడిని ఎరువు వేయని మడితో పోల్చకుండా దిగుబడి ఎరువు వల్లనే అంటే ఏ వ్యవసాయ పరిశోధన కేంద్రమూ ఒప్పుకోదు. మనుషుల విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి?

ఇలా పోల్చి చూసినవారు లేకపోలేదు. బ్రూక్ మెక్‌నమారా, ఆమె సహచరులు 88 పరిశోధనలను కలిపి 2014లో లెక్క తేల్చారు. మనిషికీ మనిషికీ నైపుణ్యంలో కనిపించే తేడాలలో సాధన వల్ల వివరించగలిగినది చదరంగం వంటి ఆటల్లో 26 శాతం, సంగీతంలో 21, క్రీడల్లో 18, చదువులో 4 శాతం మాత్రమే. మిగిలినదంతా పుట్టుకదేనని గంతువేయకండి. అందులో మొదలుపెట్టిన వయసు, గురువు, తిండి, కొలతల్లోని పొరపాట్లు అన్నీ కలిసి ఉన్నాయి. చదువుకు వచ్చిన ఆ నాలుగు శాతాన్ని మాత్రం, తెల్లవారుజామున అలారం పెట్టే తండ్రులు ఒకసారి చదువుకోవాలి.

అసలు లెక్కలోకే రానివారు మరికొందరు. 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారేదాకా హిందూ కళాశాలలో హిందూ బాలురకే ప్రవేశం. ఖిదిర్‌పూర్‌లోనే పుట్టిన ముస్లిం పిల్లవాడికి గాని, ఏ ఇంటి ఆడపిల్లకు గాని గంటలు ఎన్ని ఉన్నా ఆ గడప లేదు. హేమచంద్రకు కూడా త్రుటిలో తప్పిపోయేదే. ఖిదిర్‌పూర్‌లో ఆశ్రయమిచ్చిన మాతామహుడు పోయాక చదువు ఆగింది. ప్రసన్నకుమార్ సర్వాధికారి పూనుకోబట్టి కళాశాలలో చేరగలిగారు.

ఇంకొక చిక్కు, విజయాన్ని ఏ ఏట కొలవాలి? హేమచంద్ర హైకోర్టు వకీలుగా బాగా ఆర్జించారు, కాని 1903లో కన్నుమూసేనాటికి చూపు పోయి పేదరికంలో ఉన్నారు. మధుసూదన దత్తు 1873లో అప్పులతో, అలీపూర్ ఆసుపత్రిలో మరణించారు. 1861లో కొలిస్తే ఒక అంకె, 1873లో కొలిస్తే మరొకటి.

మన సంగతి ఒకటి మిగిలింది. సంస్కృతంతో కలిపి రోజుకు మూడు గంటలు తెలుగు చదివిన ఆ మహాకవి రచనల్లో తెలుగు కావ్యం ఒక్కటీ లేదు.