దైవము, దయ్యము, దఏవ

ప్రకృతి–వికృతుల పట్టికను కంఠస్థం చేసిన ప్రతి తెలుగు విద్యార్థికీ ‘దైవము – దయ్యము’ అన్న జంట సుపరిచితమే. ప్రకృతికి మ్రొక్కి, వికృతికి జడిసే ఈ వింతను గురించి మన పాఠ్యపుస్తకాలు ఒక్క మాటయినా చెప్పవు. మన ప్రాచీన కావ్యాలలో దయ్యమంటే దైవమే, విధియే. పిశాచమన్న అర్థం క్రమంగా ప్రబలి పాత అర్థాన్ని మింగివేసింది.

ఈ మార్పుకు సోదరప్రాయమైన మరొక మాటను పాశ్చాత్య విద్వల్లోకం నేర్చుకొన్నది సూరతు నగరంలో. 1758లో ఆంకెతిల్ దు పెరొన్ అనే ఫ్రెంచి యువకుడు ఆ రేవుపట్టణం చేరి, దస్తూర్ దారాబ్ అనే పారసీక పురోహితుని వద్ద అవెస్తా అధ్యయనం చేశాడు. ఆ మరుసటి సంవత్సరమే ఆంగ్లేయులు సూరతు కోటను వశపరచుకొన్నారు. కోట చేతులు మారినా పాఠం ఆగలేదు. 1761లో సూరతు విడిచిన ఆయన 1771లో పారిస్‌లో అవెస్తా అనువాదాన్ని ప్రకటించగా, అది కల్పితమని విలియం జోన్స్ అదే ఏడు ఎగతాళి చేశాడు. కాలం జోన్స్ పక్షాన నిలువలేదు.

ఆ గ్రంథాలలో దుష్టశక్తికి వాడిన పదం ‘దఏవ’. సంస్కృతంలోని ‘దేవ’ శబ్దానికి ఇది తోబుట్టువు. పారసీకుల ధర్మశాస్త్రమైన ‘వెందిదాద్’ పేరు ‘వీదఏవదాత’కు అరిగిన రూపం, దఏవలకు విరుద్ధమైన శాసనమని అర్థం. అందులో ఇంద్రుడు దేవరాజు కాడు, తరిమివేయవలసిన దఏవలలో ఒకడు. నాసత్యులకు సాటివచ్చే పేరు కూడా ఆ పట్టికలోనే ఉన్నది. క్రీ.పూ. 14వ శతాబ్దినాటి మితాన్ని ఒడంబడికలో ఈ పేర్లే సాక్షిదేవతలుగా గౌరవం పొందాయి. 1935లో పెర్సిపోలిస్‌లో బయల్పడిన జెర్సిస్ చక్రవర్తి శాసనం మరింత విశేషమైనది. దైవస్థానాన్ని కూలద్రోయించి, దైవలను కొలువరాదని ఆజ్ఞాపించినట్లు ఆయన అందులో చెప్పుకొన్నాడు. ప్రాచీన పారసీకంలో ఆ పదం అక్షరాలా ‘దైవ’యే!

దీనికి పందొమ్మిదో శతాబ్ది పండితులు, ముఖ్యంగా మార్టిన్ హౌగ్, ఒక సమాధానం చెప్పారు. ఆర్యులకూ ఇరానీయులకూ మతకలహం వచ్చిందనీ, వారి అహురులు మనకు అసురులైనారనీ, మన దేవతలు వారికి దఏవలైనారనీ ఆ వాదం. వినడానికి ఇంపుగా ఉన్నందువల్ల మన సాహిత్య వ్యాసాలలో నేటికీ సిద్ధాంతంగా చెలామణి అవుతూనే ఉన్నది. కాని చరిత్ర విద్యార్థికి ఇది మింగుడుపడదు. ఋగ్వేదంలోని ప్రాచీన భాగాలలో ‘అసుర’ గౌరవవాచకం. వరుణునికి, అగ్నికి, ఇంద్రునికి సైతం ఆ విశేషణం ఉన్నది. రాక్షసార్థం తరువాత స్థిరపడింది. ‘అ’కారాన్ని నిషేధార్థకంగా భ్రమించి ‘సుర’ అన్న మాటను పుట్టించుకొన్నది ఇంకా తరువాత. అటు జరథుష్ట్రుని గాథలలో దఏవలు ఇంకా భూతాలు కారు, ఆరాధింపదగని వేల్పులు మాత్రమే. రెండు మార్పులూ వేర్వేరు కాలాలలో, ఎవరి ఇంట్లో వారికి జరిగినవి. ఒకే పోరాటం రెండింటికీ కారణమనడం పొసగదు.

ఈ విషయంలో మన దయ్యం చెప్పే సాక్ష్యాన్ని ఎవరూ పిలిచి అడగలేదు. తెలుగువారికి ఇరానీయులతో ఏ మతకలహమూ లేదు. అయినా దైవం దయ్యమైంది. కన్నడంలో ‘దెవ్వ’ భూతమే. అదే పదం ఉత్తర కేరళలో ‘తెయ్యం’గా నేటికీ పూజలందుకొంటున్నది. నా ఊహ ఇది: తత్సమ రూపం ఆలయంతో, శాస్త్రంతో నిలిచింది, తద్భవం ఊరి పొలిమేరలో మిగిలింది. కేరళలో ఆ కొలువు చెడలేదు గనుక మాటా చెడలేదు. మన నుడికారం ఈ హద్దును ఎంత నిక్కచ్చిగా కాపాడుతున్నదో చూడండి. అమ్మవారు పూనుతుంది, దయ్యం పడుతుంది. ఊగే శరీరం ఒకటే కావచ్చు, క్రియాపదం మాత్రం మారుతుంది. దయ్యాలు వేదాలు వల్లించడాన్ని మన సామెత వేళాకోళం చేస్తుంది గాని, ఒకనాడు ఆ వేదాలు స్తుతించినది వాటి పూర్వులనే.

ఇది నిఘంటుకారుల ముచ్చట మాత్రమే కాదు. తుళునాటి దైవారాధనపై బర్నెల్ సేకరించిన సామగ్రి 1894 నుండి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వెలువడినప్పుడు దాని శీర్షికకెక్కిన మాట దయ్యాల పూజ. కొలిచేవారు ‘దైవ’ అన్నారు, వ్రాసినవారు దయ్యమన్నారు. అటువంటి అనువాదాలు గెజిటీర్లలోకి, అక్కడినుండి మన దస్త్రాలలోకి దిగుమతి అయ్యాయి. పొలిమేర గుడిని దేవాలయంగా నమోదు చేయాలా, వదలివేయాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు గుమాస్తా కలం ఎన్నుకొనే పదం మీద ఆ గుడి రక్షణ ఆధారపడుతుంది. కొలిచేవారు వాడే పేరునే దస్త్రంలో మొదట వ్రాయడం కనీస న్యాయమని నా అభిప్రాయం.

సూరతులో ఈ అర్థాలన్నీ నేటికీ ఇరుగుపొరుగున కాపురముంటున్నాయి. గుజరాతీ హిందువుకు ‘దేవ్’ వేల్పు. పారసీక పురాణగాథలలో, ఉర్దూ కథలలో ‘దేవ్’ కొమ్ముల రక్కసుడు. తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గాల పనికి వలసవెళ్ళి లింబాయత్‌లో స్థిరపడిన పద్మశాలీలు అదే ధాతువునుండి దిగిన దయ్యం పేరు చెప్పి పిల్లలను బెదిరించవచ్చు.