చూరుకీ చూరుకీ మధ్య

లండన్ శివార్లలో, హారో, హౌన్స్‌లో వంటి చోట్ల, 1930ల నాటి జంట ఇళ్లు వీధుల కొద్దీ ఉన్నాయి. రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. పక్కన కారు వెళ్లే దారి, ఆ దారి చివర పెరట్లో విడిగా ఒక గ్యారేజీ. ఇలాంటి ఇళ్లు కొనుక్కున్నవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కొన్న కొన్నేళ్లకు చాలామందికి తోచేది ఒకటే: వంటిల్లు ఇరుకు, వెనక్కి పెంచాలి. ప్లాన్ వెనక గోడ దగ్గర మొదలై, ఎన్ని మీటర్లకు వీలుంటే అన్ని మీటర్లూ పోతుంది. గ్యారేజీ సంగతి ఆఖర్న గుర్తుకొస్తుంది. అప్పటికి కొత్త గోడకూ గ్యారేజీకీ మధ్య అరమీటరు సందు మిగులుతుంది. అసలు ముందుగా గీయాల్సింది ఆ సందునే అని నా వాదన. మనిషి దూరి పనిచేసుకోగలిగేలా కనీసం ఒక మీటరు వదలాలి. లేదా గ్యారేజీని తీసేసో, ఇంటితో కలిపేసో సందన్నదే లేకుండా చేయాలి. ఈ రెండూ కాని అరకొర సందు అన్నిటికన్నా చెడ్డది.

ఈ మీటరు ఎక్కడిదంటారా? నిచ్చెనను నాలుగు వంతుల ఎత్తుకు ఒక వంతు ఎడంగా వేయాలన్నది బ్రిటన్‌లో పనివాళ్లు పాటించే నియమం. చూరు 2.8 మీటర్ల ఎత్తున ఉంటే నిచ్చెన కాళ్లు 70 సెంటీమీటర్ల దూరంలో ఆనాలి, దాని వెనక మనిషికి చోటుండాలి. అరమీటరు సందులో నిచ్చెన నిలబడదు. నిచ్చెన నిలవని చోట గట్టర్‌లో ఆకులు తీసేవాళ్లుండరు. పొంగిన నీళ్లు గోడ వెంట కారతాయి. రాలిన ఆకులు సందులో కుళ్లి మట్టిగా మారి మెల్లగా ఎత్తు పెరుగుతాయి. గోడలోకి చెమ్మ ఎక్కకుండా వేసే అడ్డుపొర బయటి నేలకు కనీసం 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఆ ఎత్తును ఈ చెత్తే మింగేస్తుంది. ఎండ తగలని గోడ ఏడాది పొడుగునా తడిగా ఉంటే లోపల కొత్త వంటింటి అలమరల వెనక బూజు పట్టక ఏం చేస్తుంది? కట్టేటప్పుడే తాపీమేస్త్రీ ఆ గోడ బయటి ముఖాన్ని సరిగా చూడలేడు, దర్జులు నింపలేడు. చివరికి 240 లీటర్ల చెత్త డబ్బా కూడా, దాని వెడల్పు దాదాపు 58 సెంటీమీటర్లు, ఆ సందులో పట్టదు.

నేల కింద చూసినా లెక్క అక్కడికే వస్తుంది. లండన్ బంకమట్టి మన నల్లరేగడికి దూరపు చుట్టం లాంటిది: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. 1976 కరువులో ఆ మట్టి ఎండిపోయి ఎన్నో ఇళ్లు బీటలు వారాయి. ఆ తర్వాత పునాదులు లోతుగా తవ్వడం అలవాటైంది. ఇప్పుడు బంకమట్టిలో మీటరు లోతు మామూలు, దగ్గర్లో చెట్లుంటే ఇంకా ఎక్కువ. పాత గ్యారేజీకి మాత్రం చాలాచోట్ల నేలమీద పోసిన పల్చటి కాంక్రీటు పలకే పునాది. బరువు ఆ పలక అంచు నుంచి 45 డిగ్రీల వాలులో మట్టిలోకి దిగుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. పలక మందం 15 సెంటీమీటర్లు, కొత్త పునాది కందకం లోతు మీటరు అనుకుంటే, కందకం అంచు గ్యారేజీకి 85 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పునాది గోడకన్నా 15 సెంటీమీటర్లు బయటికి వస్తుంది. రెండూ కూడితే గోడ నుంచి గ్యారేజీకి సరిగ్గా మీటరు. అంతకన్నా దగ్గరికి పోతే కందకాన్ని చిన్న చిన్న ముక్కలుగా తవ్వి, ఒక ముక్కలో కాంక్రీటు పోశాకే పక్క ముక్కకు పోవాలి. ఆ ఖర్చు అంచనాల్లో ముందుగా కనిపించదు.

మా స్థలంలో మా గ్యారేజీ, మధ్యలో ఎవరికేం పని అని అడగవచ్చు. నిజమే, సొంత గ్యారేజీ పక్కన తవ్వడానికి పార్టీ వాల్ చట్టం అడ్డురాదు. కానీ ఆ ఇళ్లలో మన గ్యారేజీ, పొరుగువారి గ్యారేజీ వీపులు ఆనించుకుని ఉండటం కద్దు. 1996 నాటి ఆ చట్టం ప్రకారం పొరుగువారి కట్టడానికి 3 మీటర్ల లోపల, దాని పునాది కన్నా లోతుగా తవ్వాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి. వాళ్ల గ్యారేజీ కూడా కట్టడమే.

అంత విలువైన నేలలో మీటరు వదిలేయడం వృథా కాదా అన్నది గట్టి అభ్యంతరం, కొట్టిపారేయలేం. నాలుగు మీటర్ల పొడవున మీటరు వెడల్పు అంటే నాలుగు చదరపు మీటర్లు. అయితే అరమీటరు సందు వదిలేవాడు కూడా అందులో సగం పోగొట్టుకుంటున్నాడు, దానికి బదులుగా ఏమీ పొందడం లేదు. నేల మీద అంత మమకారం ఉంటే ఆ గ్యారేజీ నిజంగా కావాలా అని ముందు అడగాలి. 1930ల గ్యారేజీలు ఆస్టిన్ సెవెన్ లాంటి, నాలుగడుగుల వెడల్పు కూడా లేని కార్లను చూసి కట్టినవి. ఇప్పటి కారు దూరినా తలుపు తెరుచుకోని గ్యారేజీలో ఉండేది పాత సామానే. తీసేయదలిస్తే ఒక జాగ్రత్త: సిమెంటు రేకుల కప్పులో ఆస్‌బెస్టాస్ ఉండే వీలుంది, బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. ఆ రేకులను పగలగొట్టకూడదు, తెలిసినవాళ్ల చేత విప్పించాలి.

ఇప్పటికి కట్టేసి, తర్వాత ఎప్పుడైనా గ్యారేజీతో కలిపేద్దామనే ఆలోచన నాకు భయం కలిగిస్తుంది, ఎందుకంటే కలిపితే నిబంధనల లెక్కే మారిపోవచ్చు. మన దగ్గర, తెలంగాణలో 2012 నాటి జీవో 168 లాగా, నిబంధనలు హద్దు నుంచి ఎంత వదలాలో చెబుతాయి. ఇంగ్లండ్‌లో అనుమతి అక్కర్లేని విస్తరణను అసలు ఇంటి వెనక గోడ నుంచి కొలుస్తారు: విడి ఇంటికి 4 మీటర్లు, జంట ఇంటికి 3. స్థానిక కౌన్సిల్‌కు ముందే తెలిపి, అది పొరుగువారిని అడిగాక అడ్డు చెప్పకపోతే 8, 6 దాకా పోవచ్చు. గ్యారేజీ, షెడ్డు కలుపుకుని కట్టడాలు అసలు ఇంటి చుట్టూ ఉన్న స్థలంలో సగం మించకూడదు. విడిగా ఉన్నంతకాలం గ్యారేజీకి వేరే నియమాలు. ఇంటికి తగిలించాక కౌన్సిల్ మొత్తాన్నీ ఇంటి విస్తరణగానే చూడవచ్చు. అప్పుడు పక్క గోడ దాటిన భాగం అసలు ఇంటి వెడల్పులో సగం మించకూడదన్న షరతు ముందుకొస్తుంది. మధ్యలో తలుపు పెడితే అది అరగంట మంటను ఆపేది కావాలి, గ్యారేజీ నేలకు 10 సెంటీమీటర్ల పైన ఉండాలి లేదా ఆ నేల వాలు బయటికి ఉండాలి. కలపడం తప్పు కాదు. కలపదలిస్తే మొదటి ప్లాన్‌లోనే కలిపి, చట్టబద్ధమేనని కౌన్సిల్ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి.

మీటరు వదిలితే చాలదా, వెలుతురూ వస్తుంది కదా అనే ఆశ మాత్రం నిలవదు. కిటికీ నడిమి నుంచి 25 డిగ్రీల గీత గీస్తే ఎదుటి కట్టడం దాన్ని దాటకూడదన్నది అక్కడి వెలుతురు కొలత. 2.5 మీటర్ల గ్యారేజీ గోడ ఎదురుగా అంటే సందు దాదాపు 2.8 మీటర్లు కావాలి. కాబట్టి పెద్ద కిటికీ తోట వైపు, లేదా పైకప్పులో అద్దం. సందు వైపు వంటింటి పొగ బయటికి పోయే గొట్టం చాలు.

ప్లాన్ గీసేవారిని అడగాల్సింది ఇంకొకటుంది. కాగితం మీద కనిపించేవి గోడల గీతలే. చూరు, గట్టర్ కలిసి ఒక్కోవైపు 15 సెంటీమీటర్లు ముందుకొచ్చినా గోడల మధ్య గీసిన మీటరు పైన 70 సెంటీమీటర్లే అవుతుంది. రెండు చూర్లనూ చుక్కల గీతలతో గీయించి, ఆ మీటరును ఆ చుక్కల మధ్యే కొలిపించాలి.