పరపాలనా స్మృతులు: విల్నియస్ నగరమును, కొల్లాపుర సంస్థానమును

ఒక జాతి తాను పరాధీనయై యున్న కాలమును గూర్చి వ్రాసికొనిన గ్రంథములను విమర్శించుట సులభమైన పని కాదు. అందు కారాగారము లున్నవి, కన్నీ రున్నది. రసము, రీతి, శిల్పము అనెడి మామూలు తూనికరాళ్లతో వానిని తూచబూనిన విమర్శకుడు కఠినుడని యనిపించుకొనును. తూచక విడిచినచో నా గ్రంథములు పండుగనాడు పూజించి తక్కిన దినములందు అటకపై బెట్టెడి పటములవలె నగును. నిజాము రాజ్యములోని తెలుగువారి బ్రతుకును స్మరించు మన గ్రంథములకు నేడు పట్టిన గతి యిట్టిదే యని నా యభిప్రాయము. ఏటేట సెప్టెంబరు 17వ తేదీన వాని పేళ్లు వినబడును; అవి యేమి చెప్పినవి, ఏమి చెప్పక విడిచినవి యని విచారించువారు మాత్రము అరుదు. ఈ విచారమునకు కొల్లాపురమును గీటురాయిగా గొనుచున్నాను. ఏలయన నిచ్చట ప్రజలపై సంస్థానాధీశుడు, ఆయనపై నిజాము, నిజాముపై ఇంగ్లీషువారు నుండిరి. పరపాలన యను మాట కిచ్చట నొక్క యర్థము చాలదు.

మొదట దూరదేశపు టుదాహరణ మొకటి చూతము. బాల్టిక్ సముద్రతీరమునగల మూడు చిన్నరాజ్యములలో లిథువేనియా యొకటి. ఆ దేశభాష మన పండితులకు చుట్టము వంటిది. కొడుకును వారు ‘సూనుస్’ అందురు, అగ్నిని ‘ఉగ్నిస్’ అందురు. ఆ భాషను లాటిను లిపిలో అచ్చు వేయరాదని రష్యా చక్రవర్తి ప్రభుత్వము 1864 మొదలు 1904 వరకు నిషేధించి యుండెను. ప్రజలు పొరుగుననున్న ప్రష్యాలో పుస్తకములు అచ్చు వేయించి, మోపులు గట్టి, చీకటివేళ సరిహద్దు దాటించి తెచ్చుకొనిరి. 1918లో స్వతంత్రమైన యా దేశమును 1940లో సోవియట్ యూనియను ఆక్రమించెను. 1941 మొదలు 1944 వరకు జర్మనుల యేలుబడి. పిమ్మట మరల సోవియట్ ప్రభుత్వము. 1990 మార్చి 11న గాని స్వాతంత్ర్యము మరల ప్రకటింపబడలేదు.

రాజధానియైన విల్నియస్ నగరమునకు బోయిన యాత్రికుడు గెడిమినాస్ రాజవీథిలో నొక గంభీరమైన భవనమును జూచును. 1899లో న్యాయస్థానమునకై కట్టిన మేడ యది. గెస్టాపో వారును, తరువాత కె.జి.బి. వారును దానిని వాడుకొనిరి. నేల క్రింది యంతస్తులోని చెరగదులు నేటికిని జూపబడుచున్నవి. వీథివైపు గోడరాళ్లపై చంపబడినవారి పేళ్లు చెక్కియున్నవి. అయినను ఆ దేశపు స్మృతివాఙ్మయములో నన్నిటికంటె విలువగలది రాతిలో లేదు, ఒక గాజుజాడీలో దొరకినది.

డాలియా గ్రింకెవిచ్యూతె యను బాలిక 1941 జూన్ మాసమున, తన పదునాలుగవ యేట, తల్లితోను అన్నతోను సైబీరియాకు పంపబడెను. లీనా నది సముద్రమున గలియుచోట, త్రోఫిమోవ్‌స్క్ అను చేపలకర్మాగార స్థలమున, మంచులో దుంగలు లాగుటయు, తమ కొట్టములను దామే కట్టుకొనుటయు ఆ స్త్రీలకును పిల్లలకును విధింపబడిన పనులు. ఆమె 1949లో జబ్బుపడిన తల్లితో రహస్యముగా కౌనాస్ పట్టణమునకు వచ్చి, తాను చూచినదానిని విడికాగితములపై వ్రాసి, జాడీలో బెట్టి తోటలో పాతిపెట్టెను. మరుసటి యేడు ఆమెను పట్టుకొనిరి. విడుదలయై వచ్చి వెదకగా జాడీ దొరకలేదు. కాన పెద్దవయస్సున నా కథనే జ్ఞాపకముననుండి మరల వ్రాసెను. ఆమె 1987లో మరణించెను; జాడీ 1991లో బయటపడెను.

ఇట్లొక్క యనుభవమునకే రెండు పాఠము లేర్పడినవి. రెండవ పాఠము సాక్ష్యము, చదువరిని న్యాయాధిపతిగా దలచి వ్రాసినది, క్లుప్తమైనది. మొదటిది యిరువది రెండేండ్ల పడుచు తొందరగా వ్రాసికొనినది; అందు ఆకలి, చలి, పేలు, దొంగిలించిన చెక్కపలక, పక్కననున్న శవము అన్నియు నొకే వరుసలో నుండును. ఘనమైనదేదో అల్పమైనదేదో యా వ్రాతకు తెలియదు. అందుచేతనే మొదటిదాని యందు బ్రతుకు కానవచ్చును. కాలము గడచినకొలది జ్ఞాపకము న్యాయవాది యగునను మాట యీ రెండు పాఠములను ప్రక్కప్రక్కన బెట్టి చదివిన నెవరికైన దోచును.

ఇంకొక్క సంగతి. పైన జెప్పిన విల్నియస్ భవనమున 1992లో స్థాపించిన ప్రదర్శనశాలకు ‘జాతిసంహార బాధితుల’ పేరు పెట్టిరి. ఆ నగరపు పొలిమేర యడవియైన పానెరియైలో జర్మనులును వారికి దోడ్పడిన స్థానికులును వేలకొలది యూదులను చంపిరి. అయినను చాలకాలము వరకు నా ప్రదర్శనశాలలో యూదుల సంహారమునకు దాదాపు చోటు లేకుండెను. విమర్శలు వచ్చిన మీదట 2011లో నొక గది చేర్చిరి. 2018లో పేరు మార్చిరి. తాము పడిన బాధను నిజముగానే చెప్పుచు, తమ కన్నులయెదుట నితరులు పడిన బాధను మరచుట సాధ్యమే యని దీనివలన దెలియును.

ఇక మన విషయము. పోలిక యనగా సమత్వము గాదు. లిథువేనియా దండెత్తి ఆక్రమింపబడిన స్వతంత్రదేశము. హైదరాబాదు రెండువందల యేండ్లకు పైగా అసఫ్‌జాహీ వంశము పాలించిన దేశీయ రాజ్యము. ఉర్దూ పరదేశభాషయు గాదు. కాని రాజ్యమున సగమువరకు నున్న తెలుగువారి భాషకు కచేరిలోను కళాశాలలోను చోటు లేకుండుట నిజము. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన యుర్దూలో జరిగెను. గస్తీ నిశాన్ 53 అను నుత్తరువు మూలమున సభ జరుపుకొనుటకు ముందుగా ననుమతి పొందవలసి వచ్చెను. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ మందిరమున కార్వేపండితుని యధ్యక్షతను సంఘసంస్కారసభ జరుగగా, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినంతనే గేలి చేయబడిరి. ఆంధ్రజనసంఘము పుట్టుకకు కారణమైన యీ యవమానమును మన గ్రంథకర్త లందరును వర్ణింతురు. గేలిచేసినది ప్రభుత్వోద్యోగులు గాక, సంస్కారప్రియులైన తోటిప్రజలే యను సంగతిని మాత్రము త్వరగా దాటిపోవుదురు. ఒక భాష తక్కువదని పాలకుడు చెప్పుటకంటె, పొరుగువాడు నమ్ముట యెక్కువ హానికరము గదా!

ఆ కాలమున రాజకీయముల జోలికి బోనివారు చరిత్రను ఆశ్రయించిరి. 1923లో వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలి తెలంగాణ శాసనములను సేకరించి ప్రకటించెను. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని యొకరు వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికలో 354 కవులను జూపిరి. రెడ్డిగారు కోపమునకు పట్టికతో బదులుచెప్పిన తీరు నాకు మిక్కిలి ప్రియము. సోవియట్ చెరలలో నెనిమిదేండ్లు గడపి 1954లో తిరిగివచ్చిన ఎస్టోనియా నవలాకారుడు యాన్ క్రోస్ సైతము, తన కాలమును గూర్చి బాహాటముగా వ్రాయ వీలులేక, 1978లో ప్రకటించిన ప్రసిద్ధనవలలో జారు చక్రవర్తికి నిజము వ్రాసి పంపి చెరబడిన పూర్వకాలపు ప్రభువును నాయకునిగా జేసికొనెను. అధికారులు శాసనములను, పాతకథలను అపాయకరములుగా నెంచరు. ఆ యెంచకపోవుటయే రెండుచోట్లను రచయితలకు దిక్కయ్యెను.

దాస్యకాలమున సామాన్యుని దినచర్యను చూపిన రచనలలో సురవరమువారి మొగలాయి కథలకు నేను మొదటిస్థాన మిత్తును. పదునొకండు గుమ్మడికాయలను సంతకు దెచ్చిన రైతునకు పండ్రెండుగురు కొత్వాళ్లు దాపురించిన కథను మరువజాలము. అందు పిశాచము లేడు, వీరుడు లేడు. లంచమునకు చేతులు చాచిన మామూలు మనుష్యు లున్నారు. ఇట్టి హాస్యము జాడీలోని మొదటి పాఠమునకు దగ్గర. దాశరథి కృష్ణమాచార్యులుగారు నిజామాబాదు చెరసాలలో గోడపై బొగ్గుతో వ్రాసిన పద్యములు వేరుజాతివి. అవి తిట్టు, గొప్ప తిట్టు. వానిలో కాలముయొక్క జ్వర మున్నది గాని ఆనాటి బ్రతుకుయొక్క వివరము లేదు. ఉండవలసిన పనియు లేదు. ఆ వివరమును వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలును, ‘జైలు లోపల’ కథలును, దాశరథి రంగాచార్యులుగారి ‘చిల్లర దేవుళ్లు’ నవలయు నిచ్చినవి. మాడపాటి హనుమంతరావుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ మాత్రము నిష్పాక్షికమైన వ్యవహారచరిత్ర. సభలు, తీర్మానములు, అర్జీలు. విసుగు పుట్టించునని కొందరందురు. నేనట్లనను. ఒక అనుమతిపత్రమునకై యెన్ని నెలలు తిరుగవలసి వచ్చెనో తెలిసికొనవలెనన్న నట్టి విసుగును భరింపవలెను.

ఈ గ్రంథములను చంకనిడుకొని కొల్లాపురమునకు వత్తము. జటప్రోలు సంస్థానమునకు సురభివంశపు పద్మనాయక ప్రభువులు అధిపతులు; తరువాతి కాలమున కొల్లాపురము రాజధాని యయ్యెను. ఈ వంశమువాడైన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయ మను ప్రౌఢప్రబంధమును రచించెను. ఎలకూచి బాలసరస్వతి యీ యాస్థానమున వెలసి, మూడు కథలను చెప్పు రాఘవయాదవపాండవీయమును రచించెను. భర్తృహరి సుభాషితములను తెనిగించి, సురభిమల్లభూపాలుని సంబోధించు మకుటముతో అంకిత మొనర్చెను. కవి ప్రభువును పొగడుటకు గాక నీతి చెప్పుటకే ప్రతిపద్యమున బిలిచినట్లు తోచు నా కృతిలోని చమత్కారమును మన విమర్శకులు తగినంతగా గుర్తింపలేదు.

ఈ సంస్థానములే లేకున్నచో ఈ ప్రాంతమున తెలుగుకావ్యము నిలుచుట కష్టముగ నుండెడిది. తూమాటి దొణప్పగారి ‘ఆంధ్ర సంస్థానములు: సాహిత్యపోషణము’ ఆ ఋణమును లెక్కవ్రాసిన మహాగ్రంథము. దాని పరిశ్రమ యెడ నాకు గౌరవమున్నది. కాని పోషణ మను మాటలో పోషించినవాడు కర్త. ఆ ధాన్యమును పండించినవాడు వాక్యముననే లేడు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురముల సత్కారములను వర్ణించు వ్రాతలన్నిటిలోను శాలువ యున్నది, వర్షాశన మున్నది, పల్లకి యున్నది. పల్లకి మోసినవాని పేరు లేదు.

పోనిమ్ము, ఉద్యమగ్రంథములలో నతడు దొరకునా? అచ్చటను గష్టమే. ఆంధ్రజనసంఘమువారు వెట్టిచాకిరిపై ప్రత్యేకముగ చిన్నపుస్తకము ప్రకటించిరి; దాని మేలు గొప్పది. తరువాతి నవలలు మాత్రము దేశముఖుల గడీలను రంగస్థలముగా గొనినవి. పైన బేర్కొన్న నవలలలో సంస్థానగ్రామము కథాస్థానము గాలేదు. కారణ మూహింపవచ్చును. దేశముఖు తెలుగునకు మేలుచేసినవాడు గాడు. కాన వానిని నిందించుట తెలుగు రచయితకు తేలిక. సంస్థానాధిపతి భాషకు గొడుగు పట్టినవాడు; నిజామునకు పేష్కషు చెల్లించుచు, ఆ పేష్కషును రైతువద్దనే రాబట్టినవాడు. భాషాభిమాని యతనికి నమస్కరించును. ఉద్యమకారుడు నిజామువైపు వ్రేలు చూపును. రెండు చేతుల నడుమనుండి కొల్లాపుర రైతు జారిపోయెను. విల్నియస్ ప్రదర్శనశాలలో యూదుల కైన గతివంటిది, తీవ్రతలో దానితో నేమాత్రము సాటి గాకున్నను, మన వాఙ్మయమున వీని కైనది.

మన మౌన మింతతో ముగియలేదు. రజాకారుల దౌర్జన్యమును వ్రాసిన మన గ్రంథములు, 1948 సెప్టెంబరునకు బిమ్మట ముస్లిము కుటుంబములపై జరిగిన హత్యలను గూర్చి యించుమించు నోరు మెదపవు. ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాలు సంఘము 27 వేలనుండి 40 వేలవరకు జనులు చంపబడిరని యంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములు మరుగున నుండెను. రజాకారులను విమర్శించి 1948 ఆగష్టులో హత్యకు గురియైన ఇమ్రోజ్ పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉర్దూ రచయితయే. తెలంగాణ పోరాటమున నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవియే. వీరిని స్మరించు మన విమర్శ ఆ హతులను స్మరింపకుండుట న్యాయము గాదు.

కొల్లాపుర ప్రాంతమున స్మృతికి మరియొక విఘాతము కలిగినది. శ్రీశైలము జలాశయము క్రింద కృష్ణాతీరగ్రామము లనేకము 1980 తరువాతి యేండ్లలో మునిగిపోయినవి. జటప్రోలు మదనగోపాలస్వామి యాలయమును రాయిరాయి విడదీసి తెచ్చి గట్టున మరల నిలిపిరి. ఆ పని మెచ్చదగినది. ఇండ్లు, కళ్లములు, చావడులు నీటిపాలైనవి; వానితో నెవరి యింటి నెవరు వెట్టికి బిలిచిరో చూపు గురుతులును పోయినవి.

1949లో జాగీరులతోపాటు సంస్థానములును రద్దయినవి. ఆనాటికి పదేండ్లవారు నేడు ఎనుబది దాటినవారు. వారి నోటిమాటను వ్రాసికొనుట పరిశోధకసంఘముల పని. దీనికి ఉపన్యాసములు అక్కరలేదు. కొల్లాపురపు ముసలివారి మాటలలో దస్కతు, జమాబంది, పహాణీ, పట్వారి, వసూలు, బేగారి యను పదము లింకను నిలిచియున్నవి. ఒక్కొక్క పదమును పట్టుకొని, అది తమ యింటి గడప నెప్పుడు దాటి వచ్చెను, ఎవరు దెచ్చిరి, ఏమి పట్టుకొనిపోయిరి యని యడుగవలెను. సంస్థానపు టుద్యోగి తెచ్చిన పదములు వేరు, సర్కారు ఉద్యోగి తెచ్చిన పదములు వేరు జాబితాగా వ్రాసికొనవలెను. రెండు జాబితాలలోను గనబడు పదములను మూడవ కాగితముపై నెక్కింపవలెను.